రంగుల డిజిటల్ ఫోటోను నలుపు-తెలుపులోకి మార్చే పద్ధతి

ఎర్రటి పట్టు అంచున్న ఆకుపచ్చ గద్వాల చీర కట్టుకొని, పగటి వెలుగులో ఇంటి గుమ్మం ముందు కూర్చున్న ఒక పెద్దావిడ ఫోటో మన దగ్గర ఉందనుకుందాం. రంగుల్లో చూసినప్పుడు అంచు ఎక్కడ మొదలైందో వెతకనక్కరలేదు. అదే ఫోటోను ఫోన్‌లో ఒక్క మీట నొక్కి నలుపు-తెలుపులోకి మార్చినప్పుడు అంచూ చీరా కలిసిపోయి, నేతగాడు శ్రద్ధగా ఎంచి కూర్చిన రెండు రంగులూ ఒకే బూడిద రంగు గుడ్డగా మిగలడం తరచుగా జరుగుతుంది. ఫోటో తీసినవారు దీనికి కెమెరానో వెలుతురునో తప్పుపడతారు గానీ, అసలు కారణం మార్పిడి జరిగిన తీరులో ఉంటుంది. ఆ ఎరుపూ ఆ ఆకుపచ్చా మన కంటికి విడివిడిగా కనిపించింది వాటి వర్ణాలు వేరు కావడం వల్లనే. వాటి వెలుగు మాత్రం దాదాపు సమానం. వర్ణం తొలగిపోయాక వెలుగు ఒక్కటే మిగులుతుంది కాబట్టి, ఆ రెండింటినీ వేరుచేసి చూపే ఆధారం ఇక ఉండదు. అందుకే ఏ రంగు లేత బూడిదగా మారాలో, ఏ రంగు ముదురు బూడిదగా మారాలో మనమే నిర్ణయించాలి. నలుపు-తెలుపు మార్పిడిలో ప్రధానమైన పని ఇదే. కాంట్రాస్టు సరిచేయడం, గ్రెయిన్ (ఫిల్ములో కనిపించే సన్నని రేణువుల గరుకుదనం) చేర్చడం, ప్రింటు వేయించడం వంటివన్నీ దీని తరువాతనే వస్తాయి.

మూడు అంకెలు ఒక్కటిగా మారే తీరు

డిజిటల్ ఫోటోలోని ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు విలువలు ఉంటాయి. సాధారణ జెపెగ్ ఫైల్‌లో ఈ విలువలు ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకూ ఉంటాయి. 0 అంటే ఆ రంగు ఏమాత్రం లేదని, 255 అంటే నిండుగా ఉందని అర్థం. ఈ మూడు అంకెలనూ ఒకే అంకెగా కుదించడం వల్ల నలుపు-తెలుపు ఫోటో తయారవుతుంది, కుదించే సూత్రం మారితే ఫోటో కూడా మారిపోతుంది. మనిషి కంటికి ఆకుపచ్చ వెలుగు ఎక్కువ ప్రకాశవంతంగా, నీలం వెలుగు అతి తక్కువ ప్రకాశవంతంగా తోస్తుంది. టెలివిజన్ ప్రమాణాల నుంచి వచ్చి, ఇప్పటికీ అనేక ప్రోగ్రాములలో వాడుకలో ఉన్న సూత్రం ఈ స్వభావాన్ని ఆధారం చేసుకొని, ఎరుపు విలువలో 29.9 శాతాన్ని, ఆకుపచ్చ విలువలో 58.7 శాతాన్ని, నీలం విలువలో 11.4 శాతాన్ని తీసుకొని కూడుతుంది.

మన పెద్దావిడ చీర అంచు విలువలు వరుసగా 190, 30, 45 అని, చీర మధ్యభాగం విలువలు 20, 115, 60 అని అనుకొని ఈ సూత్రాన్ని వర్తింపజేస్తే అంచుకు 80 వస్తుంది, చీరకు కూడా 80 వస్తుంది. సూత్రంలో తప్పేమీ లేదు, అది కంటికి తోచే ప్రకాశాన్ని నిజాయితీగానే చెప్పింది. కానీ ఆ ఫోటోకు కావలసింది ప్రకాశపు కొలత ఒక్కటే అయితే సరిపోయేది. అంచును అంచుగా చూపడం కూడా కావాలి.

సూత్రం మారితే ఫలితం ఎంత దూరం పోతుందో తెలుసుకోవడానికి ఫోటోషాప్‌లోని డీశాచురేట్ ఆదేశాన్ని చూడవచ్చు. అది మూడు విలువలలో అన్నిటికంటె పెద్దదానినీ అన్నిటికంటె చిన్నదానినీ కూడి సగం చేస్తుంది. దాని ప్రకారం నిండు ఎరుపు, నిండు ఆకుపచ్చ, నిండు నీలం, నిండు పసుపు అన్నీ ఒకే నడిమి బూడిదగా మారిపోతాయి. మన కంటికి అత్యంత కాంతివంతంగా తోచే పసుపూ, అత్యంత ముదురుగా తోచే నీలమూ ఒకే ఛాయలోకి రావడం ఎంత అసహజమో చెప్పనక్కరలేదు. ఈ ఆదేశాన్ని నలుపు-తెలుపు కోసం వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఉచితంగా దొరికే గింప్ ప్రోగ్రామ్‌లో డీశాచురేట్ ఆదేశం తెరిచినప్పుడు లూమినెన్స్, లూమా, లైట్‌నెస్, యావరేజ్, వాల్యూ అనే పద్ధతులలో ఒకదానిని ఎంచుకొమ్మని అడుగుతుంది; వేరే సాధనాలకు సమయం లేనప్పుడు వాటిలో లూమినెన్స్‌ను ఎంచుకుంటే కంటి అనుభవానికి దగ్గరగా ఉండే ఫలితం వస్తుంది.

ఏ సాధనాన్నీ ముట్టుకోకముందు మూడు ఛానెళ్లనూ, అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల మూడు చిత్రాలనూ, విడివిడిగా చూసే అలవాటు చేసుకోవాలి. ఫోటోషాప్‌లో ఛానెల్స్ ప్యానెల్ తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పేర్ల మీద ఒక్కొక్కటిగా నొక్కితే, ఒకే ఫోటోకు మూడు వేర్వేరు నలుపు-తెలుపు రూపాలు కనిపిస్తాయి. మన ఉదాహరణలో ఎరుపు ఛానెల్‌ను చూస్తే అంచు 190తో వెలిగిపోతూ, చీర 20తో దాదాపు నల్లగా కనిపిస్తుంది; ఆకుపచ్చ ఛానెల్‌లో ఈ వరుస తలకిందులై అంచు 30కి దిగి, చీర 115కి లేస్తుంది. ముఖాల విషయంలోనూ ఈ మూడింటికీ వేర్వేరు స్వభావాలు ఉన్నాయి. ఎరుపు ఛానెల్‌లో చర్మం లేతగా, నున్నగా, మచ్చలు కనపడకుండా ఉంటుంది. నీలం ఛానెల్‌లో చర్మం ముదిరిపోయి, ప్రతి మచ్చా ప్రతి గీతా పైకి తేలి, వాటితోపాటు గరుకుదనం కూడా కనిపిస్తుంది. ఆకుపచ్చ ఛానెల్ ఈ రెంటికీ నడుమ ఉండి, ముఖంలోని ముడతలనూ కళ్ల చుట్టూ ఉన్న వంపులనూ సహజంగా చూపుతుంది. ఈ మూడు రూపాలనూ కాసేపు చూసినవారికి తమ ఫోటో ఏ వైపు వెళ్లాలో సగం తెలిసిపోతుంది.

ఫోటో తీసేటప్పుడు పాటించవలసినవి

రంగుల సమాచారం ఎంత ఎక్కువ ఉంటే నలుపు-తెలుపులో అంత స్వేచ్ఛ ఉంటుంది. అందువల్ల ఫోటోను రంగుల్లోనే, వీలైతే రా ఫైల్‌గా (సెన్సర్ నమోదు చేసిన సమాచారాన్ని దిద్దకుండా ఉంచే ఫైల్‌గా) తీయాలి. కెమెరాలో మోనోక్రోమ్ అమరిక పెట్టి జెపెగ్ మాత్రమే తీస్తే, కెమెరా తన సూత్రం ప్రకారం బూడిదగా మార్చి రంగును పారేస్తుంది, దానిని తిరిగి తెచ్చుకోవడానికి దారి ఉండదు. రా ఫైల్ తీస్తూ మోనోక్రోమ్ అమరిక పెట్టుకుంటే మాత్రం రెండు విధాలా మేలు కలుగుతుంది: కెమెరా తెర మీద దృశ్యం నలుపు-తెలుపులో కనిపించి వెలుగునీడల కూర్పును అంచనా వేయడానికి తోడ్పడుతుంది, ఫైల్‌లో రంగులన్నీ భద్రంగా ఉంటాయి. ఈ పద్ధతిని కొత్తగా నేర్చుకునేవారికి గట్టిగా సిఫారసు చేస్తాను.

రా ఫైల్‌కు ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి మరో కారణం ఉంది. జెపెగ్‌లో ఒక్కో ఛానెల్‌కు 256 మెట్లే ఉంటాయి. చాలా కెమెరాల రా ఫైల్‌లో 12 లేదా 14 బిట్ల సమాచారం, అంటే 4,096 లేదా 16,384 మెట్లు ఉంటాయి. నీలాకాశం వంటి నున్నటి భాగాన్ని బాగా ముదురు చేసినప్పుడు జెపెగ్‌లో ఆ కొద్ది మెట్లు సాగిపోయి, ఆకాశం మీద చారలు చారలుగా పట్టీలు తేలుతాయి. పైగా జెపెగ్ చిన్న పరిమాణం కోసం రంగు వివరాలను వెలుగు వివరాలకన్నా ఎక్కువగా కుదిస్తుంది కాబట్టి, ఒక్క రంగును గట్టిగా లాగినప్పుడు చదరపు గడుల మచ్చలు బయటపడతాయి. జెపెగ్ తప్ప మరేదీ లేని సందర్భంలో కూడా పని చేయవచ్చు గానీ, ప్రతి మార్పునూ మితంగా చేయాలి.

చాలా కెమెరాల సెన్సర్ మీద ప్రతి నాలుగు చుక్కలకు రెండు ఆకుపచ్చ, ఒక ఎరుపు, ఒక నీలం వడపోతలు ఉంటాయి. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ రూపొందించిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించింది. చుక్కల్లో సగం ఆకుపచ్చవే కావడం వల్ల ఆకుపచ్చ ఛానెల్ అన్నిటికన్నా శుభ్రంగా ఉంటుంది. పసుపు రంగు బల్బుల వెలుతురులో తీసిన ఫోటోలలో నీలం ఛానెల్ అన్నిటికన్నా గరుకుగా ఉంటుంది. తరువాత ఏ రంగును ఎంత లాగవచ్చో నిర్ణయించుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. రంగు వడపోతలు అసలే లేని కెమెరాలు కూడా ఉన్నాయి. లైకా సంస్థ 2012లో విడుదల చేసిన ఎమ్ మోనోక్రోమ్ వాటిలో పేరుపొందినది. వాటి చిత్రాలు ఎంతో స్పష్టంగా ఉంటాయి గానీ, ఏ రంగు ఏ ఛాయగా మారాలనే నిర్ణయాన్ని ఫోటో తీయక ముందే, లెన్స్ ముందు రంగు గాజు పెట్టి తీసుకోవలసి ఉంటుంది.

ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి చేరే వెలుగు మోతాదు) విషయంలో ఒక్క హెచ్చరిక చాలు. ఎండలో ఎర్రచీరనో కుంకుమరాశినో తీసినప్పుడు మొత్తం మీద ఫోటో సరిగ్గానే ఉన్నట్టు కనిపించినా, ఎరుపు ఛానెల్ ఒక్కటే 255ను తాకి ఆగిపోవచ్చు. అలా ఆగిపోయిన చోట గుడ్డ నేత, మడతలు ఆ ఛానెల్‌లో ఉండవు, ఎరుపును ఆధారం చేసుకొని చేసిన నలుపు-తెలుపులో ఆ భాగం చదునుగా మిగులుతుంది. కెమెరాలో మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను (ఏ వెలుగు స్థాయిలో ఎన్ని చుక్కలున్నాయో చూపే పటాన్ని) విడివిడిగా చూపే అమరికను తెరిచి ఉంచుకుంటే ఈ ప్రమాదాన్ని అక్కడికక్కడే గుర్తించవచ్చు.

ఛానెల్ మిక్సర్

మూడు ఛానెళ్లనూ మనకు నచ్చిన పాళ్లలో కలిపే సాధనాన్ని ఛానెల్ మిక్సర్ అంటారు. ఫోటోషాప్‌లో దానిని అడ్జస్ట్‌మెంట్ లేయర్‌గా (అసలు ఫోటోను ముట్టుకోకుండా దాని పైన వేసే మార్పుల పొరగా) చేర్చి, మోనోక్రోమ్ గడిలో టిక్ పెట్టాలి. గింప్‌లో ఇదే పని చేసేదానికి మోనో మిక్సర్ అని పేరు, అది కలర్స్ మెనూలో దొరుకుతుంది. మూడు పాళ్ల మొత్తం 100 శాతం దగ్గర ఉంటే ఫోటో మొత్తం ప్రకాశం మారదు. మొత్తం బాగా పెరిగితే తెల్లటి భాగాలు వివరాలు కోల్పోతాయి.

పెద్దావిడ ఫోటోకు తిరిగి వద్దాం. ఎరుపు 60, ఆకుపచ్చ 40, నీలం 0 అని పెడితే అంచు 126, చీర 58 అవుతాయి; అంచు మెరుస్తూ చీర ముదురుగా, చక్కగా విడిపోయాయి. అయితే ఇక్కడ ఆమె ముఖాన్ని కూడా చూడాలి. నుదుటి విలువలు 165, 115, 85 అని, కుంకుమ బొట్టు విలువలు 170, 20, 30 అని అనుకుంటే, ఈ పాళ్లలో నుదురు 145, బొట్టు 110 అవుతాయి. బొట్టు ఉందా లేదా అన్నట్టు వెలిసిపోతుంది. ఎరుపు పాలు ఇంకా పెంచి పూర్తిగా ఎరుపు ఛానెల్‌నే వాడితే నుదురు 165, బొట్టు 170 అయి, బొట్టు పూర్తిగా మాయమవుతుంది. పాశ్చాత్య పాఠాలలో ముఖచిత్రాలకు ఎరుపును పెంచమని చెప్పే సలహాను మన ఇళ్లలోని ఆడవారి ఫోటోలకు యథాతథంగా పాటించడం ఎందుకు ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది. నుదుట బొట్టు లేకుండా చూపిన ముఖం మన సమాజంలో వేరే అర్థం చెబుతుంది, అది ఫోటో తీసినవారు తెలియక చేసిన మార్పే అయినా చూసే కుటుంబానికి బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు ఎరుపు 10, ఆకుపచ్చ 90, నీలం 0 అని పెడదాం. అంచు 46, చీర సుమారు 105, నుదురు 120, బొట్టు 35 అవుతాయి. అంచు ముదురుగా చీరను చుట్టి నిలుస్తుంది, బొట్టు నుదుటి మీద స్పష్టంగా కూర్చుంటుంది, ఆకుపచ్చ ఛానెల్ స్వభావం వల్ల ముఖంలోని ముడతలు కూడా నిలబడతాయి. పెద్దవయసు వారి ముఖానికి ఆ గీతలే అందమని నేను నమ్ముతాను కాబట్టి, ఈ ఫోటోకు ఈ పాళ్లనే ఎంచుకుంటాను. అంచు మెరవాలి, బొట్టు కూడా ఉండాలి అనుకునేవారు రెండు మిక్సర్ లేయర్లు చేసి, ముఖం మీద ఒక లేయర్ మాస్క్ (మార్పు ఎక్కడ కనిపించాలో నిర్ణయించే ముసుగు) వేసి, చీరకు ఒక పాళ్లు, ముఖానికి మరో పాళ్లు వర్తించేలా చేయవచ్చు. మాస్క్ అంచులను మెత్తగా ఉంచకపోతే మెడ దగ్గర అతుకు కనిపిస్తుంది.

రంగుల వారీ స్లైడర్లు

2007లో వచ్చిన ఫోటోషాప్ సీఎస్3 నుంచి బ్లాక్ అండ్ వైట్ అనే అడ్జస్ట్‌మెంట్ ఉంది. అందులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, సయాన్, నీలం, మెజెంటా అనే ఆరు స్లైడర్లు ఉంటాయి. ఫోటోలు దిద్దే మరో ప్రోగ్రామ్ అయిన లైట్‌రూమ్‌లో బ్లాక్ అండ్ వైట్‌ను ఎంచుకోగానే నారింజ, ఊదాలు కూడా చేరిన ఎనిమిది స్లైడర్లు వస్తాయి. ఏ స్లైడర్‌ను కుడివైపు జరిపితే ఆ రంగు ఉన్న భాగాలు లేతబడతాయి, ఎడమవైపు జరిపితే ముదురుతాయి. రెండు ప్రోగ్రాములలోనూ ఫోటోలోని ఒక చోట మౌస్ నొక్కి పట్టుకొని పక్కకో పైకో జరిపితే, అక్కడున్న రంగుకు సంబంధించిన స్లైడర్లు వాటంతటవే కదిలే ఏర్పాటు ఉంది. ఏ వస్తువు ఏ స్లైడర్ కిందికి వస్తుందో తెలియని దశలో ఇది ఎంతో ఉపయోగపడుతుంది. ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో కలర్ కాలిబ్రేషన్ మాడ్యూల్‌లోని గ్రే విభాగం ఛానెల్ మిక్సర్ వంటి పని చేస్తుంది. రా థెరపీలో కూడా బ్లాక్ అండ్ వైట్ సాధనం ఉంది. డబ్బు పెట్టి కొన్న ప్రోగ్రామ్ లేదని ఎవరూ వెనుకాడవలసిన అవసరం లేదు.

మన ప్రాంతపు చర్మఛాయలు ఎక్కువగా నారింజ స్లైడర్ కిందికి, కొంత ఎరుపు కిందికి వస్తాయి. నారింజను కొద్దిగా, 10 నుంచి 15 వరకూ పెంచితే ముఖానికి జీవకళ వస్తుంది. ఎరుపును అలాగే ఉంచితే బొట్టు, పెదవులు నిలుస్తాయి. నారింజను 40, 50 దాకా లాగితే చామనచాయ ముఖం సున్నం కొట్టినట్టు తెల్లబడి, బుగ్గల వంపు చెరిగిపోయి, ముఖం బల్లపరుపుగా తయారవుతుంది. పెళ్లి ఫోటోల్లో ఈ పని విస్తారంగా జరుగుతోంది. నలుపు-తెలుపు చిత్రంలో చామనచాయకూ నల్లని చాయకూ ఉన్నంత లోతు, మెరుపు తెల్లని చర్మానికి ఉండదు. ఆ ఛాయలను ఉన్నవి ఉన్నట్టుగా నిలబెట్టడం ఈ కళలో ఎంతో తృప్తినిచ్చే పని. బంతిపూల దండ కూడా నారింజ కిందికే వస్తుందని గుర్తుంచుకోవాలి: మెడలో దండ ఉన్న ఫోటోలో ముఖాన్ని పెంచితే పూలూ పెరుగుతాయి, అప్పుడు మాస్క్ తప్ప మార్గం లేదు.

ఆకుల విషయం కొత్తవారిని తికమక పెడుతుంది. వరిచేను, మామిడాకుల తోరణం, అరటి ఆకు మన కంటికి ఆకుపచ్చగా కనిపించినా, ప్రోగ్రామ్ లెక్కలో వాటిలో పసుపు పాలు ఎక్కువ. ఆకుపచ్చ స్లైడర్‌ను ఎంత జరిపినా పెద్దగా మార్పు రాకపోతే పసుపు స్లైడర్‌ను జరపాలి. గడపకు పూసిన పసుపు, పైన కట్టిన తోరణం ఒకే ఫోటోలో ఉంటే రెండూ కలిసే కదులుతాయి. పసుపును కొంచెం పెంచి ఆకుపచ్చను కొంచెం తగ్గిస్తే వాటి మధ్య దూరం ఏర్పడుతుంది.

ఆకాశాన్ని ముదురు చేయడం అందరికీ ఇష్టమైన పని. ఫిల్ము రోజుల్లో లెన్స్ ముందు పసుపు, నారింజ, ఎరుపు గాజులు పెట్టి దీనిని సాధించేవారు. రంగు గాజు తన రంగును లేతగా, తనకు ఎదురైన రంగును ముదురుగా చూపుతుంది కాబట్టి, పసుపు గాజుతో నీలాకాశం కొద్దిగా, ఎరుపు గాజుతో నాటకీయంగా నల్లబడి మబ్బులు తెల్లగా విడివడేవి. 19వ శతాబ్దపు ఫోటో ప్లేట్ల స్వభావం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అవి నీలం వెలుగుకే ఎక్కువగా స్పందించేవి. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ కాలం నాటి కట్టడాల ఫోటోలలో ఆకాశం తరచుగా ఖాళీ కాగితంలా ఉండడానికి కారణం అదే. అలాంటి పాత కాలపు రూపం కావాలనుకునేవారు నీలం స్లైడర్‌ను పెంచి, ఎరుపు, నారింజలను తగ్గిస్తే దానికి దగ్గరగా రావచ్చు.

నీలాన్ని తగ్గించేటప్పుడు మాత్రం తొందరపడకూడదు. స్లైడర్ ఎడమవైపు దూరం వెళ్లేకొద్దీ ఆకాశంలో గరుకుదనం పెరుగుతుంది, గోపురం అంచుల వెంట, చెట్ల కొమ్మల వెంట సన్నని తెల్లటి గీత తేలుతుంది. ఫోటోను 100 శాతం పెద్దది చేసి ఆ అంచులను పరిశీలించి, గీత కనిపించిన చోటు నుంచి వెనక్కి రావాలి. ఇంకా ముదురు కావాలంటే మిగతాది క్రమంగా పలచబడే గ్రాడియెంట్ మాస్క్‌తో పైనుంచి ఎక్స్‌పోజర్ తగ్గించి సాధించడం మేలు.

వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుకు తగ్గట్టు ఫోటో రంగులను సరిచేసే అమరిక) కూడా ఇక్కడ ఒక సాధనమే. రంగు ఉష్ణోగ్రత మారితే రంగులు ఒక స్లైడర్ పరిధి నుంచి పక్క స్లైడర్ పరిధిలోకి జరుగుతాయి, దానితో బూడిద ఛాయలు కూడా మారతాయి. స్లైడర్లు జరిపేముందు వైట్ బ్యాలెన్స్‌ను సరిచేసుకోవాలి. అన్నీ అయ్యాక దానిని మారిస్తే చేసిన పనంతా కదిలిపోతుంది.

ఏ ఫోటోను మార్చాలి

రంగే విషయమైన ఫోటోను మార్చడం వల్ల ప్రయోజనం ఉండదు. బతుకమ్మను పైనుంచి తీసిన ఫోటోలో తంగేడు పసుపు, బంతి నారింజ, గునుగు వరుసలే చిత్రం. రంగు పోతే వలయాలు తప్ప ఏమీ మిగలవు. అదే బతుకమ్మ చుట్టూ వంగి చప్పట్లు కొడుతున్న స్త్రీల చేతులు, ముఖాలు, గాజులు నలుపు-తెలుపులో మరింత బలంగా నిలుస్తాయి. పక్కనుంచి పడే వెలుతురు, గరుకు ఉపరితలాలు, గట్టి ఆకారాలు, ముఖభావాలు ఉన్న ఫోటోలు ఈ మార్పిడికి తగినవి. రంగు బాగా రాలేదు కాబట్టి నలుపు-తెలుపు చేద్దాం అనే ఆలోచన తరచుగా నిరాశనే మిగులుస్తుంది.

వెలుగునీడలను దిద్దడం

రంగులు ఛాయలుగా కుదురుకున్నాక, ఛాయలను లేతగానో ముదురుగానో మార్చే కర్వ్స్ సాధనాన్ని తెరవాలి. 1940 ప్రాంతంలో అమెరికన్ ఛాయాగ్రాహకులు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన మండలాల పద్ధతి ఇక్కడ నేటికీ పనికొస్తుంది. గాఢమైన నలుపును సున్నాగా, కాగితపు తెలుపును పదిగా లెక్కించి మధ్యలో అంచెలు పెట్టుకుంటే మొత్తం పదకొండు మండలాలు వస్తాయి; ఐదోది నడిమి బూడిద. నల్లని వస్తువులో నేత కనిపించాలంటే అది మూడో మండలానికి దిగువకు పోకూడదు. నెరిసిన జుట్టులో వెంట్రుకలు విడిగా కనిపించాలంటే అది ఎనిమిదిని దాటకూడదు. మన పెద్దావిడ నుదురు 120 దగ్గర, అంటే ఐదో మండలంలో ఉంది, చామనచాయకు అది తగిన చోటు.

ప్రతి ఫోటోలోనూ నిండు నలుపు, నిండు తెలుపు ఉండి తీరాలనే నియమం చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. ఎండలో తీసిన వీధి దృశ్యానికి అది సరిపోతుంది గానీ, లంబసింగిలో శీతాకాలపు పొగమంచులో తీసిన ఫోటోకు నిండు నలుపు పెడితే మంచు మసిలా మారుతుంది. అటువంటి చిత్రాన్ని మూడో మండలానికీ ఎనిమిదో మండలానికీ మధ్యనే ఉంచాలి. హిస్టోగ్రామ్ ఖాళీగా ఉందని భయపడనక్కరలేదు.

ఆ తరువాత ఫోటోలో కొన్ని చోట్లను మాత్రమే లేతగానో ముదురుగానో చేసే పని వస్తుంది. దీనికి ప్రోగ్రాములలో డాడ్జ్, బర్న్ అని పేర్లు. ఫోటోషాప్‌లో అసలు లేయర్‌ను ముట్టుకోకుండా, మెత్తని బ్రష్‌తో మాస్క్ మీద చాలా తక్కువ బలంతో, నెమ్మదిగా పనిచేయాలి. కన్ను సహజంగా తెల్లటి చోటికి, కాంట్రాస్టు ఎక్కువ ఉన్న చోటికి వెళుతుంది. ముఖం వెనుక గోడ మీద వెలుగుమచ్చ ఉంటే దానిని తగ్గించడం, కళ్ల దగ్గర కొద్దిగా వెలుగు పెంచడం, చిత్రం మూలలను స్వల్పంగా ముదురు చేయడం చాలా ఫోటోలకు సరిపోతాయి. చేసిన మార్పు చూడగానే తెలిసిపోతే, దాని బలాన్ని సగానికి తగ్గించాలి.

గ్రెయిన్ చేర్చాలనుకుంటే అది చివరి పని కావాలి, ఫోటోను తుది పరిమాణానికి మార్చాకనే చేర్చాలి. లేకపోతే చిన్నదిగా చేసినప్పుడు గ్రెయిన్ కరిగి మురికిలా కనిపిస్తుంది. తక్కువ వెలుతురులో తీసిన ఫోటోలకు నలుపు-తెలుపు ఒక మేలు చేస్తుంది: రంగురంగుల మచ్చలు పోయి, మిగిలిన గరుకుదనం కంటికి అంతగా ఇబ్బంది కలిగించదు. కాబట్టి నాయిస్ తగ్గించే సాధనాన్ని రంగు మచ్చల మేరకు వాడి, మిగతాదాన్ని వదిలేయవచ్చు.

ఫోన్‌లోనే పని పూర్తి చేయాలనుకునేవారికి స్నాప్‌సీడ్‌లోని బ్లాక్ అండ్ వైట్ సాధనంలో ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం గాజుల ఎంపిక ఉంది. వరుసగా ఒక్కొక్కటీ నొక్కి చూసి, బొట్టునూ చీర అంచునూ ఆకాశాన్నీ గమనిస్తే పైన చెప్పిన సూత్రాలన్నీ అక్కడే కనిపిస్తాయి.

భద్రపరచడం, ప్రింటు వేయించడం

రంగుల అసలు ఫైల్ మీద నలుపు-తెలుపు ఫైల్‌ను ఎప్పుడూ సేవ్ చేయకూడదు. లేయర్లతో ఉన్న ఫైల్‌ను పీఎస్‌డీగానో టిఫ్‌గానో 16 బిట్లలో ఉంచుకొని, పంపడానికి మాత్రం ఎస్‌ఆర్‌జీబీ (సాధారణంగా వాడే రంగుల ప్రమాణం) జెపెగ్ విడిగా తయారు చేయాలి. కొన్నాళ్ల తరువాత చూసినప్పుడు అంచు మరికొంత ముదురుగా ఉండాల్సిందని అనిపించడం మామూలే. లేయర్లు ఉంటే ఆ మార్పు నిమిషాల్లో చేయవచ్చు.

తెర మీద చూసినదానికన్నా ప్రింటు ముదురుగా రావడం సర్వసాధారణం, ఎందుకంటే తెర తానే వెలుగు చిమ్ముతుంది, కాగితం తన మీద పడిన వెలుగును మాత్రమే తిప్పి పంపుతుంది. పని మొదలుపెట్టే ముందే తెర ప్రకాశాన్ని తగ్గించుకోవాలి. తెర మీద ఖాళీ తెల్లని పేజీ తెరిచి, గది వెలుతురులో పట్టుకున్న తెల్ల కాగితంతో పోల్చి, రెండూ దగ్గరగా ఉండేలా సరిచేయడం సులభమైన మార్గం. మన పట్టణాల్లోని డిజిటల్ ల్యాబులు ఎక్కువగా రంగుల ఫోటో కాగితం మీదనే ప్రింటు వేస్తాయి. ఆ కాగితం మీద బూడిద రంగు మూడు రంగుల కలయికతో ఏర్పడుతుంది కాబట్టి, యంత్రం సరిగా కుదరకపోతే చిత్రంపై ఆకుపచ్చ ఛాయో గులాబీ ఛాయో పడుతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఇది నలుపు-తెలుపు చిత్రమని చెప్పి, ల్యాబు వారి ఆటోమేటిక్ రంగు దిద్దుబాటును ఆపమని కోరాలి. పెద్ద ప్రింటుకు ముందు, నుదురు, నెరిసిన జుట్టు, చీర అంచు మూడూ వచ్చేలా ఒక చిన్న ముక్కను కత్తిరించి, దానిని మాత్రమే ప్రింటు వేయించి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూడాలి. జుట్టులో వెంట్రుకలు, అంచులో నేత రెండూ కనిపిస్తే పెద్దది వేయించవచ్చు. అంచు మసకబారితే కర్వ్స్‌లో నీడల భాగాన్ని కొద్దిగా పైకెత్తి, అదే ముక్కను మళ్లీ వేయించాలి.